గానుగ దగ్గర తినాల్సిన బెల్లం

నాసిక్ ద్రాక్షతోటలకు జనం కార్లు వేసుకుని పోతారు. గ్లాసు అడుగున పోసిచ్చిన వైన్‌ను వాసన చూసి, నోట్లో తిప్పి, ఇది ఫలానా నేల రుచి అంటూ తల ఊపుతారు. ఆ ముచ్చట తప్పని నేననను. కానీ నేల, నీళ్ళు, వండిన చెయ్యి మూడూ ఒక్క ముక్కలో తెలిసిపోయే సరుకు మనకూ ఉంది. కాణిపాకం వినాయకుడి దర్శనానికి చిత్తూరు, పూతలపట్టు మీదుగా పోయేవాళ్ళు దాన్ని పక్కనే పెట్టుకుని దాటిపోతుంటారు. అది బెల్లం.

పూతలపట్టు, ఇరాల, తవణంపల్లె, పెనుమూరు మండలాల్లో చెరుకు పాత పంట. ఏడాది పొడవునా పారే ఏరు లేని సీమలో బావుల కింద, ఆ తర్వాత బోర్ల కింద దీన్ని నిలబెట్టుకున్నారు. చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ, గాజులమండ్యం ఫ్యాక్టరీ మూతపడ్డాక గానుగ మీద ఆధారం ఇంకా పెరిగింది. ఎద్దుల గానుగ పోయి మోటారు క్రషర్ వచ్చినా పని మాత్రం ఇంటిల్లిపాదిదే. ఒకరు చెరుకు అందిస్తే ఒకరు పొయ్యిలోకి పిప్పి తోస్తారు. పాకం దగ్గర మాత్రం అనుభవం ఉన్నవాళ్ళే నిలబడతారు. అక్కడ ఇంకొకరి మాట చెల్లదు.

మంచి బెల్లం పొయ్యి దగ్గర కాదు, చేలోనే మొదలవుతుంది. కొట్టిన చెరుకును ఒకరోజు దాటకుండా ఆడాలి. నిలవ పెడితే అందులోని చక్కెర విరిగిపోతుంది, ఆ రసంతో వండిన బెల్లం గట్టిపడక జిగురు సాగుతుంది. చెరుకు కొసలో తీపి తక్కువ, అందుకే కొస నరికేస్తారు. కోయంబత్తూరులో 1912లో పెట్టిన చెరుకు పరిశోధన సంస్థ ఇచ్చిన కో 86032 లాంటి రకాలు వచ్చాక దిగుబడి పెరిగింది. అయితే ఒకే రకం చెరుకు రెండు చేలల్లో రెండు రుచులిస్తుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నచోట బెల్లంలోనూ ఆ ఉప్పు నాలుకకు తగులుతుంది. దాన్ని ఏ వంటవాడూ దాచలేడు.

రసాన్ని వడగట్టి పెద్ద ఇనుప పెనంలో పోస్తారు. కాగే కొద్దీ మురికి నల్లటి తెట్టుగా పైకి తేలుతుంది. దాన్ని చిల్లుల గరిటెతో ఎంత ఓపికగా తీస్తే బెల్లం అంత శుభ్రం. పులుపు విరగడానికి సున్నపు తేట వేస్తారు. సున్నం తక్కువైతే బెల్లం కట్టదు, ఎక్కువైతే రంగు నల్లబడి నోట్లో ఒగరు మిగులుతుంది. వెనకటివాళ్ళు బెండ కాడల్ని నలిపి ఆ జిగురు పోసేవాళ్ళు, మడ్డి అంతా దానికి చుట్టుకుని పైకి వచ్చేది. పొంగు మీదికొస్తే రెండు చుక్కలు ఆముదమో వేరుశనగ నూనో పడితే చాలు, టక్కున అణుగుతుంది.

అసలు విద్య చివరి పది నిమిషాల్లో ఉంది. పాకం వేడి 118 డిగ్రీల దగ్గరికి చేరేసరికి బుడగలు చిన్నవై, చప్పుడు మారుతుంది. థర్మామీటరు ఎవరూ పెట్టరు. కాస్త పాకం తీసి చన్నీళ్ళలో వేసి వేళ్ళతో ఉండ కడతారు. ఉండ మెత్తగా జారితే "ఇంగా కాలా, ఇంగో పొంగు రావాల" అంటారు. గట్టిపడి, గిన్నె అంచుకేసి కొడితే టంగుమన్నప్పుడు మంట లాగేసి తొట్టిలోకి దించుతారు. ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడు వాసన. తొట్టిలో తిరగేసి తిరగేసి కలిపితే ఇసుక పలుకు కడుతుంది, అప్పుడు ముద్దలుగానో దిమ్మెలుగానో చేస్తారు. టన్ను చెరుక్కు చేతికొచ్చేది సుమారు క్వింటా బెల్లం.

రుచి చూడాలంటే నాలుగుచోట్ల చూడాలి. ముందు పచ్చి రసం. తర్వాత సగం కాగిన పాకం, దానికి తేనె పోలిక వస్తుంది. ఆపైన తొట్టిలోని వేడి బెల్లాన్ని చెరుకు ముక్కతో తోడి తినాలి. ఊరి పిల్లలకు ఈ పాఠం ఎవరూ నేర్పలేదు, గానుగ ఆడుతోందంటే చెరుకు ముక్క పట్టుకుని వాళ్ళే చేరతారు. మర్నాటి చల్లారిన దిమ్మె నాలుగోది. మంచి దిమ్మె విరిస్తే లోపల పలుకు మెరుస్తుంది. నోట్లో తీపితోపాటు కాస్త పొగ, కాస్త పులుపు చాయ ఉండి, చివర గొంతు పట్టకుండా పోతుంది.

ఇంత పనితనాన్నీ మార్కెట్ ఒక్క రంగుతో తూస్తోంది. పసుపుపచ్చగా మెరిస్తే ఎక్కువ ధర, ముదురు రంగైతే తక్కువ. ఆ ధర కోసం రసంలో హైడ్రోస్ కలపడం అలవాటైంది. అది సోడియం హైడ్రోసల్ఫైట్, రంగును పీల్చేసే రసాయనం. తెచ్చిన తెలుపు కూడా నిలవదు, నెలల్లో బెల్లం మళ్ళీ ముదురుతుంది. గంధకం మాత్రం లోపలే ఉంటుంది. నల్లబెల్లానికి ఇంకో మచ్చ కూడా ఉంది, నాటుసారా. 1993లో సారాను, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధించిన రాష్ట్రం ఇది. నల్లబెల్లం బండి కనబడితే ఎక్సైజ్ వాళ్ళు ఆపి అడగడంలో వింత లేదు. కాకపోతే సారా కాచేవాడి పాపం పొంగలిలోకి బెల్లం వండే రైతుకు అంటగట్టడం న్యాయం కాదు. రసాయనం వెయ్యని బెల్లం సహజంగానే గోధుమ రంగులో ఉంటుంది.

ఈ రైతుకు ఎవరూ రుచి చూసే గదులు కట్టించనక్కర్లేదు. పండక్కి బెల్లం కొనేటప్పుడు చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకోండి. ఇంకో ముక్క గ్లాసు నీళ్ళలో వేసి అడుగున ఏం పేరుకుందో చూడండి. రుచి నచ్చితే, రంగు ముదురుగా ఉందని ధర తగ్గించి అడక్కండి.