‘స్త్రీ సహజం’ అనే విశేషణం

మన కథల్లో ఒక విశేషణం ఏళ్ల తరబడి ఎదురుప్రశ్న లేకుండా చెలామణి అవుతోంది. ‘స్త్రీ సహజమైన సిగ్గు’, ‘స్త్రీ సహజమైన అసూయ’, ‘స్త్రీ సహజమైన ఓర్పు’. వ్యాపార నవలల్లో ఇది కనిపిస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు. కానీ అభ్యుదయ కథల్లో కూడా, సమ్మెలో ముందు నిలిచిన కార్మికురాలు ఇంటికి రాగానే ‘స్త్రీ సహజమైన’ బేలతనంతో కళ్లు ఒత్తుకుంటుంది. ఆకలికీ అప్పుకీ సామాజిక కారణాలు వెతికే రచయిత, పాత్ర ఆడది కాగానే ఆ పని మానేసి ప్రకృతి మీద భారం వేస్తాడు. ఇది భాషాదోషం కాదు, దృక్పథ దోషం అని నా అభిప్రాయం.

ఏది పుట్టుకతో వచ్చింది, ఏది నేర్చుకున్నది అన్న చర్చకు మన రంగస్థలమే మంచి సాక్ష్యం. ‘కన్యాశుల్కం’లో కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకిచ్చి పెళ్లి చేయిస్తాడు. అదే నాటకం చివర మధురవాణి మగవేషంలో సౌజన్యారావు ఇంటికి వెళుతుంది. ఈ రెండు వేషాలనూ మనం హాస్యానికీ కథా చమత్కారానికీ మాత్రమే చదువుతూ వచ్చాం. చీర కట్టి, తల వంచుకుని, మాట తగ్గిస్తే ఆ సమాజానికి ‘కన్య’ సిద్ధమైపోయిందన్న సంగతి అందులో ఉంది.

కూచిపూడి సంగతి ఇంకా ఆలోచించదగింది. తరతరాలుగా అక్కడ సత్యభామ వేషం మగవాళ్లదే. వేదాంతం సత్యనారాయణ శర్మ భామ వేషం, పద్యనాటకంలో స్థానం నరసింహారావు సత్యభామ ఎంత ప్రసిద్ధమో చెప్పనక్కర్లేదు. ఆ వయ్యారం, ఆ అలక, ఆ ఓరచూపు అన్నీ గురువు దగ్గర ఏళ్ల తరబడి సాధన చేసినవే. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. అక్కడ ఎందరో ఆడపిల్లలు ఈ నాట్యం నేర్చుకున్నారు. అంటే మగవాళ్లు తీర్చిదిద్దిన ‘స్త్రీ సహజ’ విలాసాన్ని స్త్రీలు మగ గురువుల దగ్గర అభ్యసించారన్నమాట.

స్త్రీలలో ఉన్నదాన్నే కదా నటుడు అనుకరించింది, లేనిదాన్ని ఎలా అనుకరిస్తాడు అని ఒక మిత్రుడు అడగవచ్చు. సరే, ఏ స్త్రీలలో ఉన్నదాన్ని? మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేసే కూలి స్త్రీ నడక సత్యభామ నడక కాదు. ఆమె గొంతు మెల్లగా పలికేది కాదు, గట్టు అవతలికి వినిపించాలి. ఇద్దరి దేహాలూ ఒకటే. మరి నడక ఎందుకు మారింది? శ్రమ వల్ల, వర్గం వల్ల, కులం వల్ల. ఒక వర్గం స్త్రీకి నేర్పిన నడవడిని స్త్రీజాతి మొత్తానికి ప్రకృతిగా అంటగట్టడమే ఈ విశేషణం చేస్తున్న పని.

అయితే దీనికి విరుగుడుగా దేహమే లేదనడం కూడా శాస్త్రీయం కాదు. అంతా ఆర్థిక పునాదే, శరీరం లెక్కలోకి రాదు అనే వాదన యాంత్రికమైనది. గర్భం, ప్రసవం, హార్మోన్లు వాస్తవాలు. సహజంగా ప్రతి 100 మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు. సమానమైన పోషణ ఉంటే శైశవంలో నిలదొక్కుకునే శక్తి ఆడశిశువుకే కొంత ఎక్కువ. ఇది జీవశాస్త్రం. 2001 జనాభా లెక్కల్లో మన దేశంలో ఆరేళ్ల లోపు పిల్లల్లో ప్రతి 1000 మంది మగపిల్లలకు ఆడపిల్లలు 927 మందే. ఇది సంస్కృతి. ప్రకృతి ఇచ్చిన బలాన్ని కూడా స్కానింగ్ యంత్రంతో, నిర్లక్ష్యంతో తిరగరాయగల శక్తి సమాజానికి ఉంది.

ప్రవర్తన విషయంలో కూడా ఇలాంటి సాక్ష్యం ఉంది. పోటీకి దిగే స్వభావం మగవాడిదే అన్న నమ్మకాన్ని ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. బంతిని బకెట్లో వేసే ఆట అది. పితృస్వామ్య వ్యవస్థ ఉన్న టాంజానియాలోని మసాయిలలో పురుషుల్లో 50 శాతం, స్త్రీలలో 26 శాతం పోటీని ఎంచుకున్నారు. ఆస్తి చిన్న కూతురికి చెందే మేఘాలయ ఖాసీలలో స్త్రీలు 54 శాతం, పురుషులు 39 శాతం. ఒక్క ప్రయోగంతో సర్వం తేలిపోదు. కానీ ‘సహజం’ అన్న మాటను ఇక రుజువు లేకుండా వాడటానికి వీల్లేదని మాత్రం తేలింది.

ఈ రెండు అతివాదాల మధ్య దారి చూపింది స్త్రీవాద రచయిత్రులే. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ ప్రసవాన్ని మాతృత్వపు మహిమ నుంచి విడదీసి దేహపు బాధగా మన ముందు పెట్టింది. ఓల్గా ‘రాజకీయ కథలు’ (1993) జడ, ముక్కుపుడక వంటి వాటితోనే ఆడపిల్ల దేహం మీద అదుపు ఎలా మొదలవుతుందో చూపాయి. వీరు దేహాన్ని కాదనలేదు. దేహానికి సమాజం చెప్పే అర్థాన్ని ప్రశ్నించారు. ఆనాడు వీటిని ‘ఒళ్లు బలిసిన కవిత్వం’ తరహాలో ఈసడించినవారు, అభ్యుదయ శిబిరంలోని వారైనా సరే, ఈ తేడాను గమనించలేదు.

కనుక యువ రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ నా విజ్ఞప్తి ఒకటే. ‘స్త్రీ సహజమైన’ అని రాయబోయినప్పుడు కలం ఆపి, ఆ పాత్రకు ఆ సిగ్గు ఎవరు నేర్పారో, ఎన్నో ఏట నేర్పారో, నేర్చుకోకపోతే ఏ శిక్ష పడిందో రాయండి. ‘పురుష సహజమైన’ కోపానికీ అదే పరీక్ష పెట్టండి. ఆ వివరం దొరికితే విశేషణం అవసరం ఉండదు. దొరకకపోతే పాత్ర ఇంకా తయారు కాలేదన్నమాట.