కొలువు పోయాక మిగిలిన దరువు

పెళ్ళిళ్ళ సీజన్‌లో ఇస్నాపూర్ వైపు బరాత్ ఎదురైతే బండ్లతోపాటు షిఫ్టు దిగి రూముకు పోయేవాళ్ళు కూడా ఆగుతారు. పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో మెదక్ పల్లెలవాళ్ళ పక్కనే బిహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళూ పనిచేస్తారు. తెలుగు పాట పెడితే కొందరికి హుషారు, భోజ్‌పురి పాట పెడితే ఇంకొందరికి. తీన్‌మార్ మొదలైతే మాత్రం ఎవరినీ పిలవక్కర్లేదు. దానికి పల్లవి లేదు, చరణం లేదు, కట్టినవాడి పేరు లేదు.

కట్టినవాడి పేరు తెలియకున్నా, మోసుకొచ్చినవాళ్ళు ఎవరో తెలుసు. ఇది హైదరాబాద్ మర్ఫా మేళంలో పెరిగిన దరువు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు మర్ఫాను ఈ నేలకు తెచ్చారు. వనపర్తి సంస్థానం నిజాంకు అప్పగించిన ఆఫ్రికన్ దళమే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. మాసబ్‌ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ బస్తీకి ఆ పేరు వాళ్ళతోనే వచ్చింది. అరబ్ సిపాయిల కుటుంబాలు బార్కస్‌లో స్థిరపడ్డాయి. ఇద్దరికీ మర్ఫా అంటే సంబరం. జీతం వేరే ఉండేది.

1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసింది. నిజాం సైన్యాలు రద్దయ్యాయి. గుర్రం పోయింది, జీతం పోయింది, ఇంట్లో మర్ఫా మిగిలింది. సిద్దీ కుటుంబాల్లో చాలామందికి పెళ్ళి మేళమే తిండి పెట్టింది. సంబరానికి కొట్టింది కూలికి కొట్టాల్సి వచ్చింది. కంపెనీ మూతపడితే మనిషి ఏ పని దొరికితే ఆ పనికి మళ్ళడం మా ఫ్యాక్టరీల బెల్టులో కొత్త సంగతి కాదు. అందుకే తీన్‌మార్ వింటే నాకు రాజరికం గుర్తుకు రాదు, ఉద్యోగం పోయిన మనిషి గుర్తొస్తాడు.

మేళం బస్తీ దాటి ఊళ్ళకు చేరేసరికి దరువు చేతులు మారింది. మన పల్లె డప్పు దాన్ని సొంతం చేసుకుంది. డప్పుకు అప్పటికే పెళ్ళికొక దరువు, చావుకొకటి, చాటింపుకొకటి ఉన్నాయి. కుడిచేతిలో పొట్టి చిర్ర, ఎడమచేతిలో సన్నని సిటికెన పుల్ల, మంట మీద కాగి బిగిసిన తోలు. చిర్ర దెబ్బ నడక చెప్తే, సిటికెన పుల్ల సందులు నింపుతుంది. ఈ రెండు చేతులకూ తీన్‌మార్ ఇట్టే పట్టుబడింది. బోనాలకూ అదే, రుద్రారం గణేశ్‌గడ్డ దారిలో వినాయకుడి ఊరేగింపుకూ అదే.

అయితే దరువు కొట్టేవాడి పనితనం చేతుల్లో సగమే. మిగతా సగం చూపులో ఉంటుంది. మంచి డప్పు కళాకారుడు తోలు వైపు చూడడు, ఎగిరేవాళ్ళ కాళ్ళ వైపు చూస్తాడు. పిల్లలు ముందుకొస్తే వేగం పెంచుతాడు. పెళ్ళికొడుకు మేనత్త సిగ్గుపడుతూ రెండడుగులు వేస్తే తగ్గించి, ఆమె కాలు కుదిరేదాకా అక్కడే తిప్పుతాడు. ఎవరో నోటు పట్టుకుని “అన్నా, జర జోర్దార్ కొట్టే” అంటే, అప్పటిదాకా దాచుకున్న దెబ్బ బయటికి తీస్తాడు. ఒకే దరువు ఏ రెండు పెళ్ళిళ్ళలోనూ ఒకేలా వినపడకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు డీసీఎం వ్యాన్ మీద డీజే డబ్బాలు ఎక్కాయి. వాటిలో మోగేది ఎక్కువగా రికార్డు చేసిన తీన్‌మారే. దరువుకు వచ్చిన లోటేమీ లేదు, ఇంకా పెద్దగా వినపడుతోంది. లోటంతా కొట్టేవాళ్ళకే. కొలువు పోయి మేళం పట్టిన కళకు ఆ మేళం కూడా పోయే రోజులు వచ్చాయి. డబ్బా అలసిపోదు, బేరమాడదు, అన్నం అడగదు. అది మేనత్త కాళ్ళ వైపూ చూడదు.

డీజే వద్దని నేననను, పిల్లలు ఊరుకోరు. కానీ పెళ్ళి ఖర్చు లెక్క రాసేటప్పుడు మేళానికీ ఒక వరుస ఉంచండి. ఎంతసేపు కొట్టాలో, ఎంతిస్తారో ముందే మాట్లాడుకోండి. విసిరిన నోట్లను కూలి కింద లెక్కగట్టకండి. బంతిలో అందరితోపాటు విస్తరి వేయండి. దరువు బతకడానికి డబ్బా చాలు, అది మనల్ని చూసి మారాలంటే మనిషే కావాలి.