ఇల్బర్టు బిల్లు: పత్రికల స్త్రీ చిత్రము

1883 ఫిబ్రవరిలో కోర్టెనీ ఇల్బర్టు ప్రవేశపెట్టిన బిల్లు కోరినది స్వల్పము. జిల్లాలలో మేజిస్ట్రేటులుగా, సెషన్సు జడ్జీలుగా ఎదిగిన భారతీయులకు తెల్లవారి నేరములను విచారించు అధికార మిచ్చుట, అంతే. రాజధాని నగరములలో ఆ అధికారము భారతీయ మేజిస్ట్రేటులకు అప్పటికే ఉన్నది. అయినను కలకత్తా 'ఇంగ్లీష్‌మన్' పత్రిక నెలల తరబడి నిప్పులు కక్కినది.

ఆ వ్యాసములను వాదములుగా చదివినందువలన లాభము లేదు, రచనలుగా చదువవలెను. వానిలో న్యాయశాస్త్రము తక్కువ. భారతీయ న్యాయాధిపతి యెదుట నిలువబడిన తెల్ల ఇల్లాలి చిత్రము మాత్రము మరల మరల కనబడును. తన భార్యను ఘోషాలో నుంచువాడు మా స్త్రీలకు తీర్పు చెప్పునా యన్నది దాని క్రింది వ్యాఖ్య. కూలీలపై తాము చేయు దౌర్జన్యములు ఎక్కడ విచారణకు వచ్చునో యను తోటల యజమానుల భయము ఆ చిత్రము వెనుక దాగినది.

ఆ పత్రికకు మార్చిలో అట్టి లేఖయే వ్రాసినవారిలో ఆనెట్ బెవరిడ్జి యొకరు. బంగాళ బాలికల విద్యకై 1872లో సముద్రము దాటి వచ్చిన విదుషి ఆమె. తనది జాత్యహంకారము కాదనియు, స్త్రీత్వాభిమానమనియు చెప్పుకొన్నది. సివిలు సర్వీసులోని ఆమె భర్త హెన్రీ బిల్లు పక్షము! తరువాతి కాలమున 'బాబరునామా'ను ఇంగ్లీషులోనికి తెచ్చినదియు ఆ చేయియే. ఆ అనువాదమును మెచ్చువారు ఈ లేఖనుగూడ చదువవలెను.

తెల్లవారి పత్రికలన్నియు ఒకే త్రోవ త్రొక్కినవనుట సరికాదు. రాబర్టు నైటు 'స్టేట్స్‌మన్' రిపను ప్రభువును సమర్థించినది. లాహోరు 'సివిల్ అండ్ మిలిటరీ గెజెట్' మొదట ఎదిరించి, పిదప మెత్తబడగా, అందులో పనిచేయుచున్న కిప్లింగు అను యువకుని క్లబ్బులోనివారందరు ఈసడించిరి. 1884 జనవరిలో బిల్లు నెగ్గినది గాని, తెల్ల నిందితుడు సగము తెల్లవారున్న జూరీని కోరవచ్చునన్న షరతుతో నెగ్గినది.

ఇక మన పత్రికల వంతు. బాలికల సమ్మతి వయస్సును 10 నుండి 12 ఏండ్లకు పెంచు శాసనము 1891లో వచ్చినపుడు, ఇల్బర్టు బిల్లును సమర్థించిన 'అమృతబజార్ పత్రిక'యే దాని నెదిరించినది. 'వంగవాసి' రాతలు రాజద్రోహ విచారణదాక పోయినవి. పూనాలో తిలకు 'కేసరి' ప్రతిఘటించగా, ఒకప్పుడు ఆ 'కేసరి'కే సంపాదకుడైన అగర్కరు తన 'సుధారక్'లో శాసనమును సమర్థించెను. గర్భాధానము, గృహధర్మము, పరప్రభుత్వ జోక్యము: ఈ మాటల నడుమ పదేండ్ల పిల్ల ఎచ్చటను మాటాడదు. ఇదియు 'ఇంగ్లీష్‌మన్' చిత్రమే, చట్రము మారినది.

మాటాడిన స్త్రీ లేకపోలేదు. బొంబాయి 'టైమ్స్ ఆఫ్ ఇండియా'లో 1885లో 'ఒక హిందూ స్త్రీ' పేర వెలువడిన లేఖలు రుఖ్మాబాయివి. బాల్యవివాహము తన చదువు నెట్లు హరించినదో వానిలో ఆమెయే చెప్పినది. 1887లో న్యాయస్థానము భర్త యింటికి పొమ్మని, లేదా ఆరు నెలలు చెరకు పొమ్మని శాసింపగా, చెరకే పోదునన్న స్త్రీ ఆమె.