గజఈతగాని పట్టిక: ఒడ్డున గడుపవలసిన కాలము

మియాపూరులో సాయంకాలము బస్సెక్కినవారు మరునాడు విశాఖ దగ్గర ఋషికొండ తీరమున స్కూబా సంచి తగిలించుకొని నీట మునుగవచ్చును. ఏ లోతున ఎన్ని నిమిషములుండవచ్చునో, రెండవసారి దిగుటకు ముందు ఒడ్డున ఎంతసేపు ఆగవలెనో చెప్పునది మునక పట్టిక. అది మంచి సాధనమే. కాని అందలి విరామకాలపు గడి చదువరిని సులభముగా పొరబడనిచ్చును.

18 మీటర్ల లోతున శరీరముపై పీడనము గట్టుమీద కంటె 2.8 రెట్లు. పీల్చిన గాలిలోని నత్రజని నెత్తురులోను, కండరములలోను, కొవ్వులోను కరిగి నిలుచును. పైకి వచ్చిన తరువాత అది మెల్లగా వెడలిపోవలెను. పీడనము తటాలున తగ్గెనా, గోలీ నొక్కిన సోడావలె బుడగలు లేచును. కీళ్ళనొప్పి మొదలు పక్షవాతము వరకు వాని ఫలితమే.

1908లో హాల్డేన్, ఆయన సహచరులు మేకలపై పరీక్షలు చేసి, శరీరమును ఐదు భాగములుగా ఊహించి లెక్క కట్టిరి. ఊహించిరనుటయే ముఖ్యము, ఆ భాగములను కోసి చూపగల వైద్యుడు లేడు. 1950ల నాటి అమెరికా నౌకాదళ పట్టిక విరామమును 120 నిమిషముల అర్ధకాలముగల భాగమునుబట్టి లెక్కించినది. కనుక పాత మునక లెక్క చెరిగిపోవుటకు 12 గంటలు పట్టెను. విహారార్థము మునుగువారికై 1988లో వచ్చిన ప్యాడీ పట్టిక 60 నిమిషముల భాగమును తీసికొని 6 గంటలు చాలునన్నది. విహారపు మునకలు పొట్టివి గనుక ఆ ఎంపికకు కారణము లేకపోలేదు. అయినను మారినది లెక్కయే. నత్రజని స్వభావము మారలేదు.

ఆ 6 గంటలు చెల్లినవి, ఇక విమానమెక్కవచ్చుననుకొనుటయే ప్రమాదము. ఆ గడి చెప్పునది మరల నీట దిగుట గురించి. గాలి పలుచనైన చోటికి ఎక్కుట గురించి కాదు. 2002లో నిపుణుల సమావేశము సూచించిన విరామము, ఒక్క మునకకు కనీసము 12 గంటలు, పలు మునకలకు 18 గంటలు. 600 మీటర్లకు పైబడిన ఎత్తులకు ఇది వర్తించును.

ఇందులో విశాఖకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. నియమము 'విమాన ప్రయాణము' పేరిట ప్రచారమగుటచే, ఉదయము మునిగి మధ్యాహ్నము అరకు కారెక్కువాడు అది తనకు కాదనుకొనును. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఆ రైలుదారిలోని శిమిలిగూడ స్టేషను 996 మీటర్లు. అక్కడ వాయుపీడనము దాదాపు పదవవంతు తగ్గును. మియాపూరుకు బస్సులో మరలివచ్చువాడు చేరునది 500 మీటర్లు దాటిన ఎత్తునకే. ఇంటిదారికన్న కొండవిహారమే ఎక్కువ జాగ్రత్త కోరుచున్నది.

నేడు పలువురు మణికట్టు కంప్యూటరును నమ్ముచున్నారు. అది లోతును, కాలమును తప్పక లెక్కించును. కాని దానిని పెట్టుకొన్నవాడు సాయంకాలము ఏ ఘాటురోడ్డు ఎక్కబోవుచున్నాడో దానికి తెలియదు.