అరికాలి కింద ఎలాస్టిక్

1994లో డబ్లిన్ యూరోవిజన్ పాటల పోటీ వేదిక మీద రివర్‌డాన్స్ అనే ఐరిష్ నాట్యం చూసినవాళ్లకు ఆ బూట్ల టకటకలు చెవుల్లో ఉండిపోతాయి. ఐరిష్ నాట్యపు హార్డ్ షూకి ఇప్పుడు ముందుభాగంలోనూ మడమలోనూ ఫైబర్‌గ్లాస్ దిమ్మలుంటాయి. అంత బరువు పాదాన్ని అంటిపెట్టుకోవాలంటే లేసులూ చీలమండ పట్టీ ఒక్కోసారి చాలవు. అప్పుడు వెడల్పాటి నల్ల ఎలాస్టిక్‌ని చుట్టలా కుట్టి, అరికాలి వంపు దగ్గర బూటు చుట్టూ తొడుగుతారు. నేర్పంతా కొలతలోనే. వదులైతే మడమ జారుతుంది, బిగిస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కుట్టు పాదం మీద ఒత్తకూడదు, అడుగున నేలకి ఒరుసుకోకూడదు. వాడగా వాడగా ఎలాస్టిక్ సాగిపోతుంది; మళ్లీ కత్తెర, మళ్లీ సూది. నాట్య పోటీల్లో కుట్టినవాళ్లకి మార్కులు వేసేవాళ్లెవరూ లేరు, పాపం! ట్రెబుల్ జిగ్ అనే హార్డ్ షూ నాట్యంలో కాలు లేచినప్పుడు బూటు పాదంతోపాటే వంగిందంటే మాత్రం అందులో సగం ఘనత ఆ సూదిదే.