కలం ఎవరి చేతికివ్వాలి?

కువైట్‌లోని అహ్మది గవర్నరేట్‌లో మంగాఫ్, మహబూలా, ఫహాహీల్ వీధుల్లో శుక్రవారం సాయంత్రం కాసేపు నడిస్తే కడప యాస, గోదావరి యాస రెండూ చెవిన పడతాయి. వాళ్లలో రాసేవాళ్లూ ఉన్నారు. ఫోన్‌లోనే కథ టైప్ చేసి మన పత్రికలకు పంపుతారు, జవాబు రాదు. ఆ కథల్లో ఉండేవి ఏజెంటు మోసం, లాక్కున్న పాస్‌పోర్టు, అమ్మ ఫోను, కన్నీళ్లు. అన్నీ నిజాలే. కానీ ఎడిటరు ఆ కథని పేర్ల తేడాతో ఇదివరకే చదివేసి ఉంటాడు.

అలాంటివాళ్లకి చూపించదగ్గ పనితనం ఆ దేశంలోనే ఉంది. కువైటీ రచయిత సవూద్ అల్ సనూసీ 2012లో తెచ్చిన నవల 'సాక్ అల్ బాంబూ'. అరబిక్ నవలలకిచ్చే అంతర్జాతీయ బహుమతి 2013లో దానికే దక్కింది. కథ చెబితే మన టీవీ సీరియల్ అనుకుంటారు. కువైటీ ఇంట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి జోసెఫీన్‌ని ఆ ఇంటి కొడుకు రాషిద్ గుట్టుగా పెళ్లాడతాడు. పుట్టిన పిల్లాడు తల్లి దేశంలో పెరిగి, పెద్దయ్యాక తండ్రి ఇంటి గుమ్మంలో నిలబడతాడు. తండ్రి 1990 ఇరాక్ దాడి రోజుల్లోనే పోయాడు. నాయనమ్మకి పరువు భయం.

పనితనమంతా ఆ కథని ఎత్తుకున్న తీరులో ఉంది. నవల మొదట్లో మరో లోపలి అట్ట కనిపిస్తుంది. దానిమీద రచయితగా ఉన్నది సనూసీ పేరు కాదు, ఆ కుర్రాడి పేరు. అనువాదకుడు ఇబ్రహీం సలాం. ప్రూఫులు దిద్దింది ఖవ్లా రాషిద్. అనువాదకుడి మాట కూడా ఉంటుంది. అంతా కల్పనే! పేజీలు తిరిగేకొద్దీ ఆ అనువాదకుడు స్నేహితుడిగా, ఖవ్లా ఆ ఇంటి చెల్లెలిగా కథలోకే వచ్చేస్తారు. గమ్మత్తు కోసం చేసిన పని కాదిది. పెద్దింటి గుట్టుని కువైటీయే విప్పితే ఉపన్యాసమయ్యేది. ఏమీ తెలియని కుర్రాడు ఒక్కో ఆచారానికీ తడబడుతుంటే, అతనితో పాటు మనకీ తెలుస్తుంది. వాక్యం సాదాగా ఉన్నా లోటనిపించదు, పరాయి భాష నుంచి వచ్చింది కదా అని సర్దుకుంటాం. ఒక్క అట్టతో ఇంత బరువు మోయించడం మాటలు కాదు.

సనూసీ నవలలే కాదు, పత్రికలకీ రాశాడు. 2011లో అల్ అరబీ పత్రిక, బీబీసీ అరబిక్ కలిసి పెట్టిన కథల పోటీలో గెలిచాడు. పోటీలని చిన్నచూపు చూసేవాళ్లు ఇది గమనించాలి.

మంగాఫ్ కథకైనా ముందు తేల్చుకోవాల్సింది కలం ఎవరిదన్నదే. బాధ పడేవాడిదే కానక్కర్లేదు. హౌస్ డ్రైవర్‌కిస్తే యజమాని సంసారం వెనక సీటు మాటల్లో వినిపిస్తుంది. కొత్తగా దిగినవాడికిస్తే, ఆగస్టులో చన్నీళ్ల పంపు తిప్పి చెయ్యి కాల్చుకుంటాడు. ట్యాంకు మేడమీద ఎండలో ఉంటుంది మరి. పాతకాపులు గీజర్ స్విచ్చి ఆపేసి, అందులో చల్లారిన నీళ్లతో స్నానం చేస్తారు. ఇది రాశాక 'భగభగ మండే ఎడారి' దండగ. అక్కడి నిబంధనలూ తెలిసుండాలి. జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని నిషేధం. మీ మేస్త్రీ పాత్ర మిట్టమధ్యాహ్నం ఎండలో ఇటుక పేరుస్తుంటే, యజమాని నిబంధన మీరుతున్నాడన్న ఎరుక కథలో ఉండాలి. లేకపోతే ఎడిటరు పట్టుకోకపోయినా మీ రూమ్మేటు పట్టుకుంటాడు.

పంపడంలో పెద్ద రహస్యాలేం లేవు. యూనికోడ్‌లో టైప్ చెయ్యండి, కాగితానికి ఫోటో తీసి పంపొద్దు. ఎక్కడా అచ్చు కాలేదని హామీ రాయండి. ఫేస్‌బుక్‌లో పెట్టేసిన కథని చాలా పత్రికలు తీసుకోవు. ఒకే కథ ఒకేసారి రెండుచోట్లకి పంపితే రెండుచోట్లా చెడుతుంది. 1998 నుంచి వస్తున్న 'ఈమాట' లాంటి వెబ్ పత్రికలు మార్పులు అడుగుతాయి, అడిగారంటే కథ మీద ఆశ ఉన్నట్టే. పంపేముందు కువైట్ మొహం చూడని మనిషి ఒకరిచేత చదివించండి. కఫీల్ (పూచీదారు యజమాని), అకామా (నివాస పర్మిట్) లాంటి మాటల దగ్గర వాళ్లు ఆగిపోతే అడుగున అర్థాలివ్వకుండా, ఆ వాక్యాన్నే మళ్లీ రాయండి.