కొట్టేది కట్టె, తీసేది మొద్దు

నెల్లూరు తీరంలో బీడును సాగులోకి తేవడమంటే చాలాచోట్ల ఒకే ఒక్క చెట్టుతో తలపడటం. అది సర్కారు తుమ్మ. పాడుబెట్టిన రొయ్యల గుంటలు, చెరువు గర్భాలు, కాలువ కట్టలు, ఉప్పు తేలిన పోరంబోకులు, ఇలా రెండేళ్లు మనిషి చెయ్యి పడని నేలంతా దానిదే. ఊళ్లలో దీన్ని చిల్లచెట్టు అంటారు. నరికిపడేసిన ముళ్లకొమ్మ కంప. పొలం బాగుచేయించాలనుకునే రైతూ, వంటచెరకు కొట్టుకునే కూలీ ఇద్దరూ దీని మీదికే గొడ్డలి ఎత్తుతారు. కానీ ఇద్దరు చేసేదీ ఒక పని కాదు. ఆ తేడా తెలియకపోవడం వల్లే ఏటా కొట్టించినా ఏటా అడవిలాగే కనిపించే పొలాలు ఇన్ని ఉన్నాయి.

ఈ చెట్టు ఇక్కడిది కాదు, అమెరికా ఖండాల మెట్టనేలలది. జమైకా నుంచి తెప్పించిన విత్తనాన్ని 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. రైళ్లకూ పట్నాలకూ కట్టె చాలక, ఉన్న అడవులు తరిగిపోతుంటే, మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు వానల్లేని నేలలో కూడా పొయ్యికి పనికొచ్చే చెట్టు కోసం వెతికారు. దొరికింది. వాళ్లు కోరినదానికంటే ఎక్కువే పెరిగింది. పేరులో సర్కారు ఎందుకు చేరిందో వేరే చెప్పనక్కర్లేదు.

అంతకుముందు నుంచే ఈ తీరం కట్టెల తీరం. శ్రీహరికోట దీవి కట్టె బకింగ్‌హామ్ కాలువలో పడవలెక్కి మద్రాసు పొయ్యిలకు చేరేది. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకునేనాటికి కూడా అక్కడ వంటచెరకు కోసం పెంచిన సరుగుడు, నీలగిరి తోటలే ఉన్నాయి. సరుగుడు కొట్టడం తేలిక. ముల్లు లేదు, మాను నిటారు, పచ్చిదైనా మండుతుంది. పైగా పాత రకం సరుగుడును నరికితే మొదట్లోంచి మళ్లీ చిగురు రావడం అరుదు. తోట కొట్టేస్తే ఆ నేల ఖాళీ అయినట్టే. తుమ్మ దీనికి పూర్తిగా ఎదురు.

తుమ్మ ప్రాణం మానులో లేదు, మొదట్లో ఉంది. నేలమట్టానికి కాస్త కింద, వేరూ కాండమూ కలిసే చోట నిద్రపోతున్న మొగ్గలుంటాయి. పైన నరికితే అవన్నీ ఒక్కసారి లేస్తాయి. ఒక్క మాను ఉన్నచోట పది పిలకలొస్తాయి. లోతుకు దిగిన పాత వేరు అంతకుముందు చెట్టంతటికీ తోడిన నీటిని ఇప్పుడు పిలకలకే ఇస్తుంది కాబట్టి అవి గింజ నుంచి లేచిన మొక్కకంటే ఎంతో వేగంగా పెరుగుతాయి. మూడు నాలుగేళ్లకు మళ్లీ కోతకొస్తుంది. కట్టె కొట్టేవాడికి ఇది వరం, నేల కావలసినవాడికి శాపం. అందుకే కట్టెకు బదులుగా నేల ఉచితంగా బాగుచేసిపెడతానని వచ్చే మాటను రైతు నమ్మకూడదు. కోత మోకాలెత్తున ఆగిపోతుంది, మొద్దు రైతుకు మిగులుతుంది.

కొట్టుడు కాలం జనవరితో మొదలవుతుంది. ఈ తీరానికి వాన ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. సంక్రాంతి దాటాక నేల నడవనిస్తుంది, అడుగున పదును ఇంకా ఉంటుంది. మొద్దు తవ్వాలంటే ఆ పదునులోనే తవ్వాలి. ఏప్రిల్‌కు రేగడి రాయైపోతుంది, పలుగు దిగదు. చెరువు గర్భాల్లో మాత్రం నీళ్లు తీసేదాకా ఆగక తప్పదు. తుమ్మల మీద కొంగలు గూళ్లు కట్టిన చెరువైతే పిల్లలు ఎగిరిపోయేదాకా కూడా ఆగాలి.

గుబురును అంచు నుంచి విప్పుకుంటూ పోవాలి గానీ నడుమ జొరబడకూడదు. ముందు కర్రతో తట్టి చప్పుడు చేయడం ఆచారం కాదు, అవసరం. కంప కింద ఎలుకలుంటాయి, ఎలుకల కోసం రక్తపింజరి ఉంటుంది. ఎడమ చేతి పంగలకర్రతో కొమ్మను ఎత్తిపట్టి, కుడి చేతి కత్తితో తెగ్గొట్టి, అదే కర్రతో పక్కకు నెడతారు. కొమ్మను చేత్తో తాకనివాడే పనివాడు. ముల్లు పలచటి చెప్పును దాటి దిగుతుంది, మొన విరిగి లోపల ఉండిపోతే రోజుల తరబడి వాచి సలుపుతుంది. కొమ్మలన్నీ దిగాక మాను గొడ్డలికో రంపం మిషనుకో బయటపడుతుంది.

ఇక వేరుచేయడం. లావు మానును పేళ్లుగా చీలుస్తారు. అవి హోటళ్ల పొయ్యిలకు, ఇటుక బట్టీలకు, కలిగిరి, డీసీ పల్లి వైపు వర్జీనియా పొగాకు బ్యారన్లకు పోతాయి. ఇంట్లోకి గ్యాసు వచ్చినా పెరట్లో నీళ్లకాగు కిందికి ఇప్పటికీ ఇదే కట్టె. పచ్చికట్టె బరువులో నీటి వాటా తక్కువేమీ కాదు. అమ్మేవాడికి కొట్టినరోజే కాటా లాభం, కొనేవాడికి రెండు మూడు నెలలు ఎండింది లాభం. సన్నపాటి కంప కంచెకు పోతుంది.

నడిమి లావు కర్ర బొగ్గుకు. కర్రల్ని గుమ్మటంలా పేర్చి, ఆకూ గడ్డీ కప్పి, పైన మట్టి మెత్తి, కింద గాలికంతలు వదిలి నిప్పంటిస్తారు. మొదట దట్టంగా తెల్లగా వచ్చేది పొగకంటే ఎక్కువగా ఆవిరి. అది పలచబడి నీలిరంగుకు తిరిగితే కంతలు మూసేయాలి. చల్లారకుండా తెరిస్తే గాలి తగిలి సరుకంతా భగ్గుమని బూడిదవుతుంది. ఇంత చేసినా నాలుగైదు టన్నుల కట్టెకు దక్కే బొగ్గు టన్ను.

ఈ కొట్టుళ్లలో యానాది గిరిజనుల చెమట ఎక్కువ. అడ్వాన్సు ఇచ్చి, లెక్క తేల్చకుండా, కుటుంబాన్ని కట్టె తెగేదాకా అక్కడే ఉంచేసే పద్ధతి 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. కాటా బరువు కూలివాడికి చూపించని కొట్టుడులో తన నేల బాగుపడుతున్నా రైతు ఊరుకోకూడదు.

నేల కావలసిన రైతుకు అసలు పని కట్టె తరలిపోయాకే. మొద్దు చుట్టూ మట్టి లాగి, జానెడు నుంచి అడుగు లోతున, మొగ్గలుండే భాగానికి కింద వేరును తెగ్గొట్టాలి. వేరంతా పెకలించనక్కర్లేదు, లోతున మిగిలింది చిగురించదు. ఇసుక నేలలో ఇది పలుగూ పారా చేసే పని, రేగడిలో జేసీబీ పని. మిషను ఒకవైపు నుంచి గీసుకుంటూ పోతుంది, గుబురులో దాక్కున్న వేపనూ కానుగనూ తాటిపిల్లనూ వేరుగా చూడదు. ఉంచదలచినవాటికి ముందురోజే సున్నం పూయాలి. చెరువుకట్ట మీద మొద్దు తీస్తే గుంటను పొరలు పొరలుగా పూడ్చి దిమ్మిస కొట్టకుండా వదలకూడదు. వచ్చే నీళ్లకు ఆ గుంటే గండి.

మొద్దు తీసినా గింజ మిగులుతుంది. తుమ్మ తియ్యటి కాయను మేకా గేదే తిని, గింజను పేడలో నాటుతాయి. పైపొర అప్పటికే మెత్తబడి ఉంటుంది కనుక తొలివానకే మొలుస్తుంది. నేలలో పడిన గింజ ఏళ్ల తరబడి చావదు. అందుకని బాగుచేసిన పొలంలో కొన్నేళ్లపాటు వానలు వెనకబట్టాక ఒకసారి తిరగాలి. జానెడు మొక్కైతే తడినేలలో చేత్తో లాగితే వేరుతో సహా వస్తుంది. బొటనవేలంత లావెక్కితే రాదు, మళ్లీ పలుగు తేవాల్సిందే.